కిరసనాయిలు డబ్బాలో మాంసం

కొబ్బరిపీచు పొగ ముక్కుకి తగిలితే చాలు, పంతొమ్మిది వందల అరవైల చివర్లో, పదేళ్ల వయసులో మేకనంతా పొగలో ఎండబెట్టిన మొనగాణ్ణని మనవలకి కోతలు కోస్తాను. మేక కాదులెండి, మావయ్య వస్తాడని అమ్మ ఉప్పు పట్టించి దాచిన శేరు మాంసం. ముసురుకి అది ఎండకపోతే, పాత కిరసనాయిలు డబ్బాకి సైకిలు పుల్లలు గుచ్చి, ముక్కలు వేలాడదీసి, కింద పీచు రాజేశాను. వేడికి డబ్బా వాసన పోతుందనుకున్నాను. పోలేదు. మాంసమంతా కుక్కలపాలైంది. డబ్బా పెరట్లో దాచేసి, దీపంలో కిరసనాయిలు పోస్తూ అక్కే మాంసం మీద ఒలకబోసిందని చెప్పేశాను. అమ్మ అట్లకాడతో అక్క చేతిమీద వాత పెట్టింది. నేను చూడలేక తలుపు వెనక దాక్కున్నాను.

ఇంతవరకు చదివి వినిపిస్తే అక్క అంది:

"దాక్కున్నావేటి? ఒరే, అట్లకాడ పొయ్యిలో ఎర్రగా కాల్సి అమ్మ సేతికిచ్చినోడివి నువ్వేరా!"