గుడిసె కాలిన పుట

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన బుధవారం తెల్లవారుజామున కన్నుమూసింది. ఆదివారం మా ఊరి చిన్న లైబ్రరీలో పుస్తక బృందం ఆమెకు సంతాపం చెప్పింది. బృందాన్ని నడిపే రిటైర్డ్ లెక్చరర్ గారు లేచి, "మనం చదువుతాండే నవలంటే ఆయమ్మకు ప్రాణం" అన్నారు. అది శుద్ధ అబద్ధం. పెద్దమ్మకు ఆ నవలంటే ఒళ్లుమంట. ఆ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి కనుక రాస్తున్నాను.

నవల పాతకాలపు ప్రేమకథ. రాజు మీద తిరుగుబాటు చేసి ఓడిన యువకుడు, ప్రియురాలిని విడిచి, సముద్రం దాటి పదేళ్లు ప్రవాసంలో గడుపుతాడు. ఉన్నది ఒకే ప్రతి కాబట్టి ప్రతి ఆదివారం నేనే పైకి చదివేదాన్ని. డిగ్రీలో చేరిన కొత్త. 'విరహం' అన్న మాట వస్తే చాలు, ఆ వాక్యం రెండోసారి చదివేదాన్ని. లోపల కుర్చీల్లో ఆరుగురు. ప్రవాస వేదన గురించి గంటసేపు మాట్లాడగలరు. వారిలో ఒకాయనకు మా పక్క టౌను పావగడ దాటి పడుకుంటే నిద్ర పట్టదు.

పెద్దమ్మ బయట కిటికీ కింద కూర్చునేది, గొర్రెలతో. పొలం సోలార్ పార్కుకు లీజుకు పోయాక ఆమెకు మేపుకోవడానికి మిగిలింది లైబ్రరీ పక్క బీడే. నాయకుడు చంద్రుణ్ణి చూసి నిట్టూర్చినప్పుడల్లా కిటికీలోంచి మాట వచ్చేది.

"వాడు ఆడ ఏం తిన్నాడప్పా?"

"అది ఈడ ముఖ్యం కాదమ్మా," అనేవారు లెక్చరర్ గారు కళ్లు మూసుకుని.

"పదేండ్లు తినకుండా బతికినాడా? ఊరొదిలినోడు ముందు నీళ్లు యాడుండాయో అడుగుతాడు. వీడేంది, చందమామతో మాట్లాడతాడు."

ఎండాకాలమంతా మందను తోలుకుని నాగలమడిక ఏటి దాకా తిరిగిన మనిషి ఆమె. ఎవరి చేలో మంద నిలిపితే వాళ్లు ఎరువుకు బదులు గింజలిచ్చేవారు. పరాయి ఊరంటే ఏమిటో మా అందరిలో ఆమెకొక్కదానికే తెలుసు. మేం నవ్వేవాళ్లం. అందరికన్నా గట్టిగా నేను నవ్వేదాన్ని.

ఆమె పట్టు మూడో అధ్యాయం మీద. పారిపోతున్న నాయకుణ్ణి గుర్రాలు కాసే ముసలామె తన గుడిసెలో దాస్తుంది. సైనికులు గుడిసె తగలబెడతారు. నాయకుడు పడవెక్కుతాడు. అంతే, ముసలామె ఊసు మళ్లీ లేదు.

"గుడిసెదాని గతేమాయె పాపా?" ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న.

"అది చిన్న పాత్రమ్మా," అన్నారు లెక్చరర్ గారు ఒకరోజు.

"కాలింది దాని గుడిసే కదప్పా. మీవానికి ఏం కాలింది, మీసమా?"

ఆ రోజే ఆయన చర్చకు భంగమని కిటికీ మూయించారు. మూసింది నేనే.

తర్వాత పెద్దమ్మ మంచం పట్టింది. నేను రాత్రీ పగలూ కూర్చుని ఆఖరి పుట దాకా వెతికాను. నాయకుడు తిరిగొస్తాడు, వెన్నెల్లో పెళ్లి చేసుకుంటాడు. గుడిసె గురించి ఒక్క వాక్యం లేదు. అన్ని అందమైన మాటలు తెలిసిన రచయితకు ఆ ఒక్క వాక్యం దొరకలేదు. ఆయన మీద నాకున్న గౌరవం అక్కడే పోయింది.

అయినా పెద్దమ్మ దగ్గర అబద్ధమాడాను. "తిరిగొచ్చినంక ఆయమ్మకు కొత్త గుడిసె కట్టించినాడు పెద్దమ్మా."

ఆమె తల నా వైపు తిప్పింది.

"వాడా?" అంది. "వానికి గుంజ పాతేది తెలుసునా? పోనీలే, నువ్వన్నా కట్టినావు."

సంతాప సభలో మౌనం పాటిస్తుండగా బయట గొర్రెల అరుపు వినిపించింది. పెద్దమ్మ కోడలు తోలుకుపోతుంటే అవి అలవాటు చొప్పున కిటికీ కింద ఆగాయి. ఒకటి కొమ్ముతో మూసిన కిటికీ రెక్కను గీకుతోంది.

"ఎవరన్నా ఆ గొర్రెల్ని తోలండప్పా," అన్నారు లెక్చరర్ గారు.

నేను లేచి వెళ్లి కిటికీ తెరిచాను. గొర్రెలన్నీ తలలెత్తి చూశాయి. మూడో అధ్యాయం తీసి, గుడిసె కాలిన పుట నుంచి చదవడం మొదలుపెట్టాను.