వరహాలమ్మ తోటకి అంటగట్టిన తెగులు

2024 జనవరి. చోడవరంలో ఒక చిన్న ప్రైవేటు విత్తన కంపెనీ బ్రాంచిలో నేను ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని. రైతులకి మేమిచ్చేది విత్తనపు చెరకు. గడను ముచ్చెలుగా, అంటే చిన్న ముక్కలుగా, కోసి నాటితే కొత్త తోట వస్తుంది. ఆ గడలో రోగముంటే, కొన్నవాళ్ళందరి తోటలకీ రోగమే. అందుకే కోతకి ముందు ప్రతి సీడ్ ప్లాటుకీ, అంటే విత్తనం కోసం పెంచే మడికి, నేను వెళ్ళి చూసి సంతకం పెట్టాలి. అప్పటికి ఇరవై ఏడేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను.

చెరకుకి ఎర్ర కుళ్ళును మించిన శత్రువు లేదు. మేము దాన్ని రెడ్ రాట్ అంటాం. దాన్ని పట్టుకునే పద్ధతి సులువే. గడని నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య అడ్డంగా తెల్ల మచ్చలతో ఉంటుంది. పులిసిన కల్లు వాసన కొడుతుంది. ఒక కత్తీ, ఒక ముక్కూ ఉంటే చాలు. నా కత్తి ఎప్పుడూ స్కూటర్ డిక్కీలోనే ఉండేది.

ఆ ఏడాది కంపెనీ ఒక యాప్ తెచ్చింది. రైతు తన తోట ఫోటో తీసి పంపితే కృత్రిమ మేధ చూసి తెగులు పేరు చెబుతుంది. ఆ ఫలితం నా ట్యాబ్‌లోకి వస్తుంది. నేను ‘అప్రూవ్’ అన్న బటన్ నొక్కితే రైతుకి మెసేజ్ పోతుంది.

"ఇక ఊళ్ళు తిరగక్కర్లేదండీ. మెషిన్ మనకంటే బాగా చూస్తుంది" అన్నాడు మా మేనేజరు. ఆయన చెరకు తోటలో కాలుపెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ వరుసగా వచ్చిన ఫలితాలన్నీ నొక్కేశాను. వాటిలో రోలుగుంట దారిలో ఉన్న వరహాలమ్మ తోట కూడా ఉంది. ఆకు ఈనె మీద ఎర్రటి చార. తెగులు: రెడ్ రాట్. దుబ్బులన్నీ వేళ్ళతో సహా పెకలించి కాల్చేయాలి. ఆమె మడి నుంచి విత్తనం చుట్టుపక్కల ఊళ్ళకి పోతోంది, ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నొక్కాను.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది.

"బాబూ, నాను వరహాలమ్మని. నిన్న సాయంత్రం నుంచి తవ్వుతన్నాం. ఏర్లు కూడా కాల్చీమంటారా?"

"ఆపమ్మా! నేను వచ్చేదాకా ఒక్క దుబ్బు ముట్టుకోకండి" అని అరిచాను.

వెళ్ళేసరికి మడిలో మూడో వంతు నేల గుంటలు పడి ఉంది. గట్టు మీద కుప్ప ఇంకా పొగలు కక్కుతోంది. నిలబడి ఉన్న దుబ్బులు మాత్రం పచ్చగా, బలంగా ఉన్నాయి. ఒక గడ విరిచి చీల్చాను. తెల్లగా ఉంది. ఇంకోటి. అదీ తెలుపే. మడి నాలుగు మూలలా పదో పన్నెండో చీల్చాను. అన్నిటా తియ్యటి రసం వాసనే.

"ఫోటో ఏ దుబ్బుకి తీశావమ్మా?"

ఈశాన్య మూలకి తీసుకెళ్ళింది. ఆ దుబ్బు గడలకి పసుపు రాసి ఉంది. ఆకుకి పెట్టిన కుంకుమ రాత్రి మంచుకి తడిసి, ఈనె గాడిలోకి జారి, జానెడు పొడుగున ఎర్రటి చారగా ఎండిపోయి ఉంది. వేలు తడిచేసి రుద్దాను. చెరిగిపోయింది.

"కోతకి ముందు తొలి దుబ్బుకి పసుపూ కుంకం ఎట్టుకుంటాం కద బాబూ. మంచి దుబ్బు పొటో పంపాలని దీనికే తీసేను. ఏటి, తప్పా?"

ఫోను ఆ కుంకుమనే తెగులనుకుందనీ, తప్పు ఆమెది కాదనీ చెప్పాను. మరి ఎవరిదని ఆమె అడగలేదు.

"పక్కోళ్ళ తోటలకి అంటుకుంటాదని రాసేరు. మరి ఊరుకుంటానా? నా సేత్తో నానే పీకేను."

అరికాలి మంట నెత్తికెక్కింది. చీల్చిన గడ తీసుకుని నేరుగా మేనేజరు బల్ల మీద పెట్టాను. "వాసన చూడండి సార్" అన్నాను.

ఆయన గడ వైపు చూడలేదు, స్క్రీన్ వైపు చూశాడు. "సిస్టమ్ చాలా కచ్చితంగా చెబుతోందండీ. పైగా అప్రూవ్ చేసింది మీరే. కేసు క్లోజ్ అయిపోయింది, తిరిగి తెరవడానికి ఆప్షన్ లేదు."

కుంకుమ బొట్టుని రోగమనుకున్న యంత్రాన్ని తిట్టి ఏం లాభం? దానికి పూజ తెలియదు, తోట తెలియదు. ఎదురుగా గడ పెట్టినా ముక్కు వంచని మనిషిని ఏమనాలి? కత్తి డిక్కీలోనే ఉంచుకుని వేలితో బటన్ నొక్కిన నన్నేమనాలి? ఆ మూడో వంతు మడిని తగలబెట్టింది మేమిద్దరమే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తర్వాత గడలు చీల్చాను, అంతే.

ఆ సాయంత్రం తెల్ల కాగితం మీద ‘ఈ తోటకి తెగులు లేదు, నేను స్వయంగా చూశాను’ అని రాసి, సంతకం చేసి వరహాలమ్మకి ఇచ్చాను. కంపెనీ నాకు మెమో ఇచ్చింది. ఆ కాగితం చూసి కొందరు విత్తనం పట్టుకెళ్ళారు. కొందరు "ఎందుకొచ్చిన గొడవ" అని తప్పుకున్నారు. తెగులు తోట అన్న పేరు మాత్రం ఆ ఏడంతా ఆమెని వదల్లేదు.

అప్పటి నుంచి గడ చీల్చకుండా ఒక్క తోటకీ బటన్ నొక్కలేదు. ఆలస్యమవుతోందని తిడుతూనే ఉన్నారు, తిట్టనీ.

మరుసటి జనవరిలో ఆమె మడికి వెళ్ళాను. తోట మళ్ళీ ఏపుగా ఎదిగింది. ఈశాన్య మూల దుబ్బుకి మాత్రం పసుపూ లేదు, కుంకుమా లేదు.

"ఏం వరహాలమ్మా, ఈసారి పూజ చెయ్యలేదా?"

"ఒద్దు బాబూ" అంది నెమ్మదిగా. "దేవుడికైతే ఏదోలా సెప్పుకుంటాను. ఆ ఫోనుకి ఎలా సెప్పుకోను?"

నేను కత్తి తీసి గడ చీల్చాను. తెల్లగా ఉంది. తలెత్తి ఆమె మొహం మాత్రం చూడలేకపోయాను.