రూతమ్మ చెప్పనన్న ఓటీపీ

2024 మే నెల. మదనపల్లెలో ఒక పీజీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్. అక్కడ నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. పేరు ఘనంగానే ఉంటుంది కానీ, మొరాయించిన ప్రింటర్‌ను బుజ్జగించడం దగ్గర్నుంచి దూరవిద్య ఎంసీఏ వాళ్ల ప్రాజెక్టు రిపోర్టులు యూనివర్సిటీ పోర్టల్‌లోకి ఎక్కించడం దాకా అన్నీ నా నెత్తినే. సర్వర్లు పడుకోవడం చూశాను, కోతులు కేబుళ్లు తెంపడం చూశాను. అయినా నాకు అసలైన చెమటలు పట్టించింది మాత్రం పుంగనూరులో తన ఇంట్లో తాను కూర్చున్న రూతమ్మ.

రూతమ్మ మా విద్యార్థిని సుగుణకు అత్త. సుగుణ పుంగనూరులో ఒక ఆసుపత్రి ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసేది. తాను పని నేర్పిన కుర్రాళ్లు పీజీ పట్టాలు చూపించి తన మీద సూపర్‌వైజర్లుగా కూర్చుంటుంటే, ఇక ఉండబట్టలేక ముప్పై ఆరేళ్ల వయసులో ఎంసీఏలో చేరింది. ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి, చేతిలో బైబిలు సంచి అలాగే ఉండగా క్లాసుకు వచ్చేది. అదే సంస్థకు కుప్పంలో ఉన్న ఆసుపత్రిలో సిస్టమ్స్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. పర్మినెంటు ఉద్యోగం. ఈ బ్యాచ్‌లో వైవా పాసై వస్తే నీకే ఇస్తాం, లేకపోతే ఆపలేం అన్నారు వాళ్లు. వైవా అంటే ప్రాజెక్టు మీద ఎదురుగా కూర్చోబెట్టి అడిగే పరీక్ష. రిపోర్టు పోర్టల్‌లో పడకపోతే వైవాకు పిలుపు రాదు. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. గైడుగారు తీరిగ్గా ఆ మధ్యాహ్నమే చివరి సంతకం పెట్టారు.

నాలుగు దాటాక సుగుణ నా పక్కన కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. మీ రిజిస్టర్డ్ నెంబరుకు ఓటీపీ పంపాం అంది పోర్టల్. అంతకు ముందు పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోయేది. ఈ కొత్త ముచ్చట ఆ సెమిస్టర్ నుంచే. సుగుణ ఫోను చూసుకుంది. ఏమీ రాలేదు. స్క్రీన్ మీద కనబడుతున్న చివరి అంకెలు చూసి ముఖం పాలిపోయింది.

"సార్, ఇది మా అత్త నెంబరు సార్."

"ఎంసీఏ మీ అత్త చదువుతోందా?" అన్నాను, వేళాకోళమూ కోపమూ కలిసి.

ఆమె చేరినప్పుడు ఆ ఇంట్లో మారని నెంబరు అదొక్కటే కాబట్టి ఫారంలో అదే రాసిందట. మొగుడు ఆఫర్లు చూసి సిమ్ములు మారుస్తూ ఉండేవాడు. అత్త సిమ్ముకు మాత్రం పింఛనూ గ్యాసూ ముడిపడి ఉన్నాయి కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. మన వైపు చాలా ఇళ్లలో ఇంతే. అయితే సుగుణ ప్రాజెక్టు ఏమిటో చెబితే మీరూ నవ్వుతారు. ఆసుపత్రి రికార్డులకు టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్. అంటే పాస్‌వర్డ్ ఒక తాళం, ఓటీపీలాంటిది రెండో తాళం, రెండూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తాళాల మీద ప్రాజెక్టు చేసిన మనిషి తన తాళంచెవి అత్త దగ్గర పెట్టి మరిచిపోయింది.

సుగుణ స్పీకర్ పెట్టి ఫోను చేసింది. "అత్తా, నీ ఫోనుకు ఒక మెసేజి వచ్చుండాది సూడు. అందులో నెంబరు సెప్పు."

"వచ్చుండాది. సెప్పను."

"అత్తా, నేను సుగుణని!"

"సుగుణ గొంతుతోనే అడుగుతారని సుగుణే సెప్పుండాది." ఫోను పెట్టేసింది.

సుగుణ తల పట్టుకుంది. అంతకు కొన్నాళ్ల ముందు పక్కింటావిడ ఎవరికో ఓటీపీ చెప్పి పింఛను డబ్బు పోగొట్టుకుందట. గొంతులు కూడా కంప్యూటర్‌తో పుట్టిస్తారని మా క్లాసులో విన్న సుగుణ, ఇంటికి వెళ్లి అత్తకు గట్టిగా పాఠం చెప్పింది. ఎవరడిగినా చెప్పొద్దు, నేనడిగినా చెప్పొద్దు అని. రూతమ్మ ఆసుపత్రి వార్డు తలుపు దగ్గర ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. వేళ కాని వేళ వస్తే ఎంత పెద్దవాళ్లనైనా గడప దాటనిచ్చేది కాదట. అలాంటామెకు కాపలా పని చెబితే ఇంకేముంది!

నేను చెబితే వింటుందిలే అని ఫోను అందుకుని మళ్లీ చేశాను. "అమ్మా, మదనపల్లె కాలేజీ నుంచి మాట్లాడుతున్నాను. మీ ఫోనుకు ఆరంకెల నెంబరు ఒకటి వచ్చింది..." అంటుండగానే నాకు వెలిగింది. దొంగలు కూడా పొల్లుపోకుండా ఇదే మాట అంటారు.

"నీకు అమ్మా నాయనా లేరాప్పా? యాల ఇట్లా ముసిలోళ్ల మీద పడి బతుకుతాండారు? పొయ్యి కష్టం చేసుకో!"

ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఇంత శుభ్రంగా ఎవరూ కడగలేదు. సుగుణ భర్త హార్స్లీ హిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్ వంటవాడు, పొయ్యి దగ్గరుంటే ఫోను ఎత్తడు. వీడియోలో ముఖం చూపిద్దామంటే రూతమ్మది బటన్ల ఫోను. బస్సెక్కితే పుంగనూరు చేరేసరికి ఐదు దాటిపోతుంది. సుగుణ ఏడుస్తూనే పోర్టల్‌లో మళ్లీ ఓటీపీ నొక్కి, మళ్లీ అత్తకు చేసింది.

"అత్తా, ఈ పొద్దు పోతే కుప్పం పని పోతాదత్తా."

ఈసారి రూతమ్మ ఫోను పెట్టెయ్యలేదు. "సరే. నువ్వు నా కోడలివే అయితే ఒకటి సెప్పు. పొద్దున ఏం తిని పొయ్యినావు?"

హమ్మయ్య, ఇదేం ప్రశ్న, చెప్పెయ్యి అని సైగ చేశాను. సుగుణ తల వంచుకుని గోళ్లు చూసుకుంది. కంగారులో మరిచిపోయిందేమో అనుకుని గడియారం వైపు చూశాను.

"ఏం తినలేదత్తా," అంది చివరికి. "తిన్నానని అబద్ధం సెప్పినా. సంగటి ముద్ద గిన్నెలోనే మూసిపెట్టి వచ్చినా. భయానికి గొంతు దిగలే."

"నా కోడలే," అంది రూతమ్మ. ఆ రెండు మాటల్లో ఎంత ఊరట వినబడిందో నేను చెప్పలేను. అప్పటిదాకా ఆమె కూడా భయపడుతూనే ఉందన్నమాట. "మద్దేనం మూత తీసి సూసినాలే. తిన్నానంటే దొంగ ముండ అనుకోని పెట్టేసేదాన్ని. ఈడ రెండు మెసేజీలుండాయి. ఏది సెప్పాల?"

"కడాకు, ఇప్పుడొచ్చింది అత్తా!"

వార్డులో మంచాల నెంబర్లు చదివి అలవాటైన గొంతుతో ఒక్కొక్క అంకె తాపీగా చెప్పింది. సుగుణ కొట్టింది. ఫైలు ఎక్కుతున్నంతసేపు ఇద్దరం స్క్రీన్ మీద పెరుగుతున్న శాతం చూస్తూ కూర్చున్నాం. రిపోర్టు అందింది అని ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. నేను కుర్చీలో వెనక్కి వాలి, అంత ఎండలోనూ రెండు టీలు చెప్పాను. సుగుణకు టీతోపాటు బన్ను కూడా తెప్పించాను. ఒక్క తునకా మిగల్చకుండా తినింది.

వైవాలో టూ ఫ్యాక్టర్‌కు ఉదాహరణ చెప్పమంటే, 'మా అత్తే సార్' అనిందట సుగుణ. ఎగ్జామినర్ కళ్లద్దాలు తీసి నవ్వాడట. పాసైంది, కుప్పంలో చేరింది.

అప్పట్నుంచి కొత్త బ్యాచ్ చేరగానే మీ నెంబరెంత అని అడగను. ఆ ఫోను పగలంతా ఎవరి చేతిలో ఉంటుంది అని అడుగుతాను. మనవాళ్ల ఇళ్లలో ఆ రెండూ వేరు వేరు సంగతులని నాకు నేర్పింది ఈ కేసే. మొన్న సుగుణ పట్టా తీసుకోవడానికి వచ్చినప్పుడు, ఇప్పుడైనా పోర్టల్‌లో నెంబరు మార్చుకున్నావా అన్నాను.

"మార్చినా సార్," అంది. "మా అత్త మాత్రం ప్రశ్న మార్చలే. దినామూ మద్దేనం ఫోను చేసి తింటివా అంటుంది. తినకుండా తిన్నానని సెప్పే ధైర్యం నాకు మళ్లీ రాలేదు సార్."