ఎడంలో పెట్టమన్న జాయ్‌స్టిక్కు

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు కొత్త జాయ్‌స్టిక్కును పెట్టెలోంచి తీసి, కంప్యూటరుకు తగిలించి, మరుక్షణమే ఆట మొదలుపెడితే, దానికి నడిమధ్య ఎక్కడో చూపించనక్కర్లేదా అని అడిగాను. అదే చూసుకుంటుందిలే అని వాడు తలైనా తిప్పలేదు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే ఎడమ దవడ మీదికి పోయింది. అక్కడ ఒక పన్ను లేదు.

తమిళనాట ధర్మపురి పక్కన ఇండూరులో, మా తెలుగువాళ్ల ఇంట్లో మాటకంటే ముందు చెయ్యి లేచేది. నాయన చెర్నాకోల ఎద్దుల వీపులకంటే మా వీపులనే ఎక్కువ ఎరుగును. అన్నదమ్ములం మేమూ తక్కువవాళ్లం కాము, అన్నం కంచాల దగ్గర కూడా నెత్తురొచ్చేదాకా కొట్టుకునేవాళ్లం. అయినా తమ్ముడి మీద బయటివాడు చెయ్యి వేస్తే మూతి పగలగొట్టేవాణ్ణి నేనే. పెద్దయ్యాక వాడు చెట్టికరై ఇంజనీరింగు కాలేజీలో చేరాడు, నేను లారీ పట్టాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తొప్పూరు కనుమలో నా లారీ టమాటాల లోడుతో బోల్తా పడింది. స్టీరింగు కుడికి లాగేసిందని ఎంత మొత్తుకున్నా ఓనరు నమ్మలేదు. నాయన అయితే, రోడ్డంతా ఎర్రగా చితికిపోయిన ఆ టమాటాల మధ్యనే నన్ను నిలబెట్టి అందరి ముందూ చెంపలు వాయించాడు. అప్పటినుంచి లారీ ఎక్కబోయి మెట్టు మీదినుంచే దిగివచ్చేసేవాణ్ణి. ఇంక ఈ జన్మకు బండి తోలలేనేమోనని లోలోపల చచ్చేవాణ్ణి. అది కనిపెట్టినవాడు తమ్ముడొక్కడే. హాస్టల్లో ఎవరినో అడిగి పాత జాయ్‌స్టిక్కు, కొండదారిలో బండి తోలే ఆట పట్టుకొచ్చి, చదువుకోసం ఇంట్లో పెట్టుకున్న కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి, "దీంట్లో తోలి చూడన్నా, పడినా ఎవురూ సావరు" అన్నాడు.

మన కాలపువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అది తగిలించగానే పనిచేసేది కాదు. ముందు కోలను నిటారుగా వదిలేసి బటన్ నొక్కితే నడిమధ్య ఎక్కడో కంప్యూటరు గుర్తుపెట్టుకునేది, ఆ తర్వాత చుట్టూ తిప్పి కొసలు చూపించాలి. నాకు అవేమీ తెలియవు. తెరమీది ఇంగ్లీషు చదివిన తమ్ముడు, వదులుగా ఉన్న ప్లగ్గును పట్టుకోవడానికి బల్ల కిందికి దూరి, అక్కణ్ణించే అరిచాడు: "దాన్ని ఎడంలో పెట్టి బటన్ వత్తన్నా!" నేను కోలను ఎడమవైపుకు చివరిదాకా వంచి నొక్కాను. తిప్పమంటే తిప్పాను.

ఆ సాయంత్రం వాడి హాస్టలు స్నేహితులు నలుగురు చూడవచ్చారు. నేను కూర్చున్నాను. చెయ్యి వదిలితే బండి కుడివైపు లోయలోకి పోతుంది. ఎడమకు ఎంత లాగినా నేరుగా పోతుందే తప్ప మలుపు తిరగదు. పడింది, పేలింది, మళ్లీ పడింది. కుడికి లాగుతోందిరా అన్నాను. లారీ కూడా ఇట్లాగే లాగిందా అని ఒకడు అరవంలో అడిగితే అందరూ గొల్లుమన్నారు. వాళ్లతోపాటు నా తమ్ముడూ నవ్వాడు.

అంతే, నా కళ్లకు ఇంకేమీ కనపడలేదు. జాయ్‌స్టిక్కును తీగతో సహా పీకి వాడి ముఖాన కొట్టాను. కిందపడితే మీదెక్కి మళ్లీ కొట్టాను. దాని అడుగున బరువుకోసం ఇనుప బిళ్ల ఉంటుందని కనుబొమ్మ చీలి నెత్తురు నా మోచేతిదాకా కారినప్పుడు తెలిసింది. కావాలనే అది పాడుచేసి, నలుగురిలో నవ్వులపాలు చేశాడని నా మనసుకు తోచింది, ఛీ! స్నేహితులు వాణ్ణి ధర్మపురి పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. కన్ను దక్కుతుందో లేదో చెప్పలేమన్నారట. నాయన నన్ను స్తంభానికి కట్టి చెర్నాకోల తెగేదాకా కొట్టాడు. ఒక్క దెబ్బకూ నేను వద్దనలేదు.

కన్ను దక్కింది. రెప్ప మాత్రం సగానికి వాలిపోయింది. కట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన తమ్ముడు నేరుగా కంప్యూటరు ముందు కూర్చుని, పగిలిన జాయ్‌స్టిక్కుకు టేపు చుట్టి, ఆ రోజు ఏం చేసినావో చేసి చూపించమన్నాడు. ఎడమకు వంచి బటన్ నొక్కాను.

"ఎందుకట్ల వంచినావు?"

"నువ్వేగదరా ఎడంలో పెట్టమన్నావు!"

"ఎడం అంటే చోటన్నా! దాని చోట్లో దాన్ని ఇడిసిపెట్టమన్నా!"

హాస్టలుకు పోయాక వాడి తెలుగులో అరవం కలిసింది. నా చెవి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. వాడి ఎడం అరవంలో చోటు, నా ఎడం తెలుగులో ఎడమచెయ్యి. అప్పుడు కొట్టాడు వాడు, ఒక్కటే దెబ్బ, ఉన్న బలమంతా పెట్టి. పన్ను ఊడి ఒళ్లో పడింది. అబ్బ, ఆ దెబ్బతో నా ప్రాణం ఎంత తేలికపడిందో! నోట్లో నెత్తురు ఉమ్మి వచ్చి కూర్చుంటే, కోలను చోట్లో నిలబెట్టి బటన్ నొక్కి, "ఇప్పుడు చెయ్యి తియ్యన్నా" అన్నాడు. తీశాను. బండి తిన్నగా పోయింది. ఆ నెలలోనే మళ్లీ లారీ ఎక్కాను.

ఇదంతా మొన్న పిల్లవాడికి చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు కొట్టుకోరు, నాయనలు చెర్నాకోల తియ్యరు, అది మంచిదే. పిల్లలకు కుడి ఎడమలూ లేవు, రైటు లెఫ్టులే. అంతా విని వాడు, "ఎడం అంటే చోటే గదా, నువ్వెందుకు లెఫ్టుకు వంచినావు పెద్దనాయనా?" అన్నాడు. ఎంత చెప్పినా వాడికి ఎక్కలేదు. పక్క గదిలో తమ్ముడు మాత్రం వాలిన రెప్ప తుడుచుకుంటూ ఒకటే నవ్వు. ఆ తప్పు చెయ్యగలిగినవాళ్లం ఇంక మేమిద్దరమే మిగిలాం.