గెలిచింది నేనేగా?

రెండేళ్ల క్రితం, నా యాభై రెండో ఏట, బాపట్లలో ఓ ఉదయం షటిల్ ఆడుతున్నాను. నాకు ఓటమంటే తలకొట్టేసినట్టుండేది. ఆట మధ్యలో ఎడమచెయ్యి లాగింది, గుండె పట్టేసింది, ఒళ్లంతా చెమటలు. భయమేసినా, అందరూ చూస్తున్నారని ఆపలేదు.

అవతల ఆడుతున్న రమణ గారు, నేను రోజూ ఎగతాళి చేసే మనిషి, నా వాలకం కనిపెట్టారు. బ్యాట్ కింద పెట్టేసి, "నేనే ఓడిపోయానండి. మీరు కూర్చోండి అన్నయ్య గారూ" అన్నారు. కూర్చోబోతూ కుప్పకూలాను. ఆయనే కారులో ఆసుపత్రికి చేర్చారు.

స్పృహ రాగానే, పక్కన ఏడుస్తున్న నా భార్యను "గెలిచింది నేనేగా?" అని అడిగాను.

"మీరేనండి" అని ముఖం తిప్పుకుంది.

గుండె కుదుటపడింది. చావు అంచున కూడా నాకు ఆమె కన్నీళ్లు పట్టలేదన్న సంగతే ఇప్పటికీ భయపెడుతోంది.