తొట్టిలో చన్నీళ్ళు

చలికాలం సాయంత్రాలు గాలి కాజీపల్లి కంపెనీల వైపు నుంచి తిరిగితే మా బీరంగూడ అపార్ట్‌మెంటులో కిటికీలన్నీ ఒకటొకటిగా మూసుకుంటాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, కాలిన రబ్బరు వాసన, వాటి మీద ఎవరో పాకం పోసినట్టు ఒక తీపి. కొత్తగా దిగినవాళ్ళు వంటగదిలో గ్యాస్ లీకైందేమోనని సిలిండర్ దగ్గర వంగి చూస్తారు. నేను మాత్రం కిటికీ మూయను, కుర్చీ అక్కడే వేసుకుని కూర్చుంటాను. పంతమని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. తొమ్మిదేళ్ళ వయసులో నాకు ఈ వాసన ఒక పేరుతో పరిచయమైంది, ఆ పేరు నరకం.

పేరు పెట్టింది మా అమ్మ. లక్డారం అవతల మా పల్లెలో రేకుల కప్పు చర్చి ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి దేవుడి కథలు చెప్పే పని అమ్మది. అమ్మ పేరు మార్తమ్మ. ఆమె దగ్గర చుట్టచుట్టిన గుడ్డ పటం ఒకటి ఉండేది. విప్పితే ఒక పక్క తెల్లబట్టల మనుషులు, ఇంకో పక్క మంటల్లో చేతులు పైకెత్తిన మనుషులు. బొమ్మ చూసి పిల్లలు జడవకపోతే అమ్మ ముక్కు మీద వేలేసుకుని అడిగేది. "తెల్లారుగట్ల కంపెనీలోళ్ళు ఇడిసే వాసన ఎర్కేనా? నరకంల పొద్దుమాపు గదే వాసన. మూస్కుంటందుకు తలుపులు గూడ ఉండయి." మిగతా ఊళ్ళ పిల్లలు నరకాన్ని ఊహించుకోవాలి. మాకు ఆ కష్టం లేదు.

అయినా బాల్యమంతా భయమేనని చెబితే అబద్ధమవుతుంది. వానలు వెనకబట్టాక సీతాఫలాలు గడ్డివాములో మగ్గబెట్టి, పొద్దున్నే ఏది మెత్తబడిందో వేలితో నొక్కి చూసుకోవడం, అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టిన కుండ చుట్టూ మూగి ఒలుచుకు తినడం, డిసెంబరు రాగానే వెదురుపుల్లలకు రంగుకాగితం అతికించి ఎవరి నక్షత్రం పెద్దదో చూసుకోవడం, అన్నీ ఉన్నాయి. బొగ్గుతో గీసిన తొక్కుడుబిళ్ళ ఆటలో చివరి గడికి మేం పరలోకమని పేరు పెట్టుకున్నాం. గీత తొక్కినవాళ్ళు నరకానికి పోయి, ఆట అయ్యేదాకా చేతులు పైకెత్తి నిలబడాలి. చాలాసార్లు నేనే తీర్పరిని. గీత తొక్కలేదని ఏడ్చేవాళ్ళతో కూడా వాదించి నిలబెట్టేదాన్ని.

ఇంట్లో ఆ గీతకు అవతల ఉన్న మనిషి మా నాయనమ్మ సాయవ్వ. మా నాన్న పెళ్ళయ్యాక అమ్మ వెంట చర్చికి వచ్చాడు కానీ, ఆయన తల్లి రాలేదు. నల్లటి సన్నని మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు, కొంగున పొగాకు, ఎండాకాలం సాయంత్రమైతే ఒక సీసా కల్లు. బోనాలకు ఒక్కతే కుండకు సున్నం, పసుపు పూసి, వేపమండలు కట్టి, నెత్తిన పెట్టుకుని పోయేది. తిరిగొచ్చాక ఆ పసుపన్నం నాకు పెట్టొద్దని అమ్మ ఆజ్ఞ. కొట్టం వెనక నాయనమ్మ అరచేతిలోంచి నేను తిన్నంత రుచిగా తర్వాత ఏదీ తినలేదు.

అత్తాకోడళ్ళు మిగతా విషయాల్లో ఒకరి మాట ఒకరు జవదాటేవాళ్ళు కాదు. అమ్మకు జ్వరం వస్తే నాయనమ్మ పొద్దంతా కాళ్ళు ఒత్తేది. నాయనమ్మకు చలికాలం ఆయాసం వస్తే అమ్మ వాము మూట వేడిచేసి వీపుకు కాపడం పెట్టేది. దేవుడి మాట వస్తేనే ఇద్దరి గొంతూ లేచేది.

"దేవుడు ప్రేమ గలోడు అత్తా. గందుకే ముందుగాల్నే చెప్తుండు, నీళ్ళల్ల మునిగి నా దిక్కు రమ్మని."

"గంత ప్రేమ గలోడు గా పొయ్యి ఎందుకు పెట్టిండే, మార్తా? నువ్వైతే నీ బిడ్డను పొయ్యిల పెడ్తవా?"

"నేను పెట్ట. మాట ఇనకుంటె అదే పోయి పడ్తది."

"పడ్తె గుంజుకుంటవా, తీర్పు చెప్తవా?"

అమ్మ దగ్గర జవాబు ఉండేది. ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేది. కానీ నాయనమ్మ చివరి మాటకు మాత్రం అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. "నా పెన్మిటి, తట్టు పోసి సచ్చిన నా ముగ్గురు పిల్లలు మీ నీళ్ళల్ల మునగకుండనే పోయిండ్రు. వాళ్ళు ఆడ కాలుతుంటె నేను మీతోని కూసొని పాటలు పాడన్నా?"

నాన్న కంపెనీలో డ్రములు దొర్లించి వచ్చి, ఈ రెండు గొంతుల నడుమ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చర్చి అయ్యగారు ముసలాయన, మెత్తని మనిషి. ఒకసారి మా అరుగు మీద చాయ్ తాగుతూ, "తీర్పు జేసుడు మన పని కాదు మార్తమ్మా, ప్రేమించుడు మన పని. ముసలామెను జెర ఇడిసిపెట్టు" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "బాయిల పడేటోళ్ళను సూస్కుంట నిలవడితె అది ప్రేమేనా, అయ్యగారూ?" అంది. ఇవాళ్టికీ ఆ ప్రశ్నను నేను తీసిపారెయ్యలేను. అమ్మ నిజంగానే బావి చూసింది. అత్త అందులో పడుతోందని నిజంగానే నమ్మింది.

నేనూ నమ్మాను. నా పదో ఏట చలికాలం మొదలవగానే నాయనమ్మ దగ్గు ముదిరింది. అరుగుల మీద ఆడవాళ్ళు, ఈ చలి దాటదులే అని గొంతు తగ్గించి అనుకోవడం విన్నాను. ఆ రోజు నుంచి అమ్మ జొన్నరొట్టె కాల్చే పొయ్యి వైపు చూడలేకపోయాను. పెనం కింద మంటలో నాయనమ్మ పచ్చబొట్ల చేతులు కనిపించేవి. ముద్ద గొంతు దిగేది కాదు. బలవంతంగా పెడితే వాంతి. బడిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను.

ఒక పొద్దున్నే వాకిట్లో చలిమంట వేసుకున్న నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఏందే పొల్లా, పుల్లలెక్క అయితున్నవ్. ఏమైంది?"

"నువ్వు కాలుతవ్ గదా, నాయినమ్మా" అన్నాను.

 ఆమె దోసెడు మన్ను తీసి మంట మీద పోసింది. అమ్మను కేకేసింది. "మార్తా, నేను మునుగుత. గని ఈ పొల్లకు ఆ పటం ఇంక సూపియ్యనని నాకు మాటియ్యి." అమ్మ అక్కడికక్కడే కూలబడి ఏడ్చింది. మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది కూడా. ఆ పటాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు.

మా వాళ్ళు పూర్వం బాప్తిస్మం వాగులో ముంచి ఇచ్చేవాళ్ళు. వాగు రంగు మారి, నురగ కట్టి, దిగిన బర్రెల గిట్టలు పగలడం మొదలయ్యాక చర్చి వెనక నడుం లోతు సిమెంటు తొట్టి కట్టారు. ముందురోజు మాపటేళ ఆడవాళ్ళు చేతిపంపు కొట్టి బిందెలతో నింపేవాళ్ళు. తెల్లారేసరికి ఆ నీళ్ళు ఎలా ఉంటాయో డిసెంబరులో మా వైపు ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాయనమ్మ మునిగే పొద్దున అమ్మ ఇంటి నుంచి గుండిగ నిండా మరిగిన నీళ్ళు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. తొట్టిలో కలపడానికి. ఆయాసం మనిషి కదా అని.

అప్పుడు నేను మాట్లాడాను.

"ప్రభువు మునిగిన యొర్దాను నదిల ఏడినీళ్ళు పోసిండ్రా? పోస్తె బాప్తిస్మం అయితదా, తానం అయితదా?"

ఎవరూ నన్ను అడగలేదు. ఆడవాళ్ళు నవ్వారు. "మార్తమ్మ బిడ్డ అయ్యగారి కన్న ఎక్కువ సదివింది" అని ఒకామె నా బుగ్గ గిల్లింది. నేను పొంగిపోయాను. కానీ నా భయం కూడా నిజమే. ఒక్క తప్పు దొర్లితే మునిగినా లెక్కలోకి రాదని, నాయనమ్మ అలాగే కాలుతుందని వణికిపోయాను. అమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు ఏదో అనబోయి, మందిని చూసి, బైబిలు తెరిచాడు. అమ్మ గుండిగ నేల మీద దించింది. దాని మీద ఆవిరి లేస్తూనే ఉంది.

"పోనీ తియ్యిండ్రి. పొల్ల మాటే కానియ్యిండ్రి" అంటూ నాయనమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు పట్టుకుని తొట్టిలో దిగింది. అయ్యగారు వెనక్కి వంచి ముంచాడు. లేచినప్పుడు ఆమె పెదాలు నేరేడుపండులా ఉన్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. అందరూ పాట ఎత్తుకున్నారు. ఆమె కళ్ళు మందిలో నన్ను వెతికి పట్టుకున్నాయి.

"ఇగ బువ్వ తింటవా?" అని అడిగింది.

ఆ పూట నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మర్నాటికి నాయనమ్మకు జ్వరం, తర్వాత రొమ్ము పట్టేసింది. సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. క్రిస్మస్ దాటిన నాలుగో రోజు పోయింది. ఈ సోదరి ఇప్పుడు పరలోకంలో ఆనందిస్తోందని అయ్యగారు పెట్టె దగ్గర చెప్పాడు.  నేను ఏడవలేదు. ఏడుస్తున్న పెద్దవాళ్ళను చూస్తే వీళ్ళకు తెలియదా, ఆమె దాటిపోయింది కదా అని జాలేసింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. ఈ వ్యాసంలో రాయడానికి నాకు అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే.

డిగ్రీ చదివేటప్పుడు ఒక చలికాలం, హాస్టల్లో నీళ్ళు కాచే కట్టెలు అయిపోయి, బకెట్ చన్నీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పోసుకున్నాను. ఊపిరి ఆగింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో తొట్టి గుర్తొచ్చింది, పక్కన ఆవిరి లేస్తున్న గుండిగ గుర్తొచ్చింది. నాకు బాప్తిస్మం వద్దని ఆ వారమే అమ్మకు చెప్పేశాను.

అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఇదే రగడ. అత్త రక్షణ పొందింది, అంతకన్నా ఏం గావాలె అంటుంది అమ్మ. చంపుకున్నాం అంటాను నేను. ప్రేమించే దేవుడికి అగ్నిగుండం అవసరం లేదంటాను. గుండం లేకుంటే సిలువ ఎందుకంటుంది ఆమె. వాదనలో గెలిచేది ఎక్కువగా నేనే. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా పల్లె ఇప్పుడు గోడౌన్ల వరుస. రేకుల చర్చి రోడ్డు వెడల్పులో పోయింది. తొట్టిని మట్టితో పూడ్చారు. నాయనమ్మ సమాధి ఎక్కడో ఒక ప్రహరీ గోడ కింద ఉండాలి, చూపించగలిగినవాళ్ళు లేరు. అమ్మ వెళ్ళే కొత్త చర్చిలో టైల్సు పరిచిన తొట్టి ఉంది, దానికి గీజర్ బిగించారు. అది చెల్లుతుందా అని ఎవరూ అడగరు.

ఈ మధ్య అమ్మ వాదించడం మానేసింది. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది. "నువ్వే గెల్సినవ్ బిడ్డా. నీ మాటలకు నా దగ్గర జవాబుల్లేవు. గని నువ్వు ఆ గుండంల కనవడ్తున్నవ్. బువ్వ పోతలేదు నాకు."

చూశాను. చెంపలు నిజంగానే లోపలికి పోయాయి.

"వచ్చే నెల మునుగుతాలే అమ్మా" అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆమె కంచంలో అన్నం మిగల్లేదు. సోమవారం నాకు తెల్లచీర కొనుక్కొచ్చింది. అయ్యగారికి ఫోన్ చేసి నా పేరు రాయించింది. నాయనమ్మ నమ్మకుండానే దిగింది, మునుగుతానని మాట ఇచ్చింది కాబట్టి. నేనూ నమ్మను. దిగుతానో లేదో ఇంకా నాకు తెలియదు. వంటింట్లో అమ్మ రెండోసారి అన్నం పెట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.