అద్దాల బీరువాలో ఆంబూ బ్యాగు

కొల్లేటికి పక్షులొచ్చే చలికాలంలోనే మా మిషన్ ఆస్పత్రికి దొరలూ వస్తారు. వారం రోజులు మా నర్సులకి పాఠాలు చెప్పి, ప్రార్థన చేసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నేనూ చర్చికి వెళ్ళేదాన్నే. అయినా ఇంత దూరం రావడం మా కోసమా, ఆ ఫొటోల కోసమా అని నాకెప్పుడూ అనుమానమే.

ఆ ఏడు వచ్చిన దొరసాని పసిపిల్లల నర్సు. పుట్టగానే ఏడవని బిడ్డకి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, ఆంబూ బ్యాగు నొక్కుతూ ఊపిరి ఎలా అందించాలో బొమ్మ మీద చూపించింది. "అర్థమైందా?" అంటే అందరం తలలూపాం. వచ్చినవాళ్ళని చిన్నబుచ్చడం మాకు చేతకాదు, అర్థం కాకపోయినా ఊపేస్తాం. ఆవిడ నమ్మలేదు. ఒక్కొక్కరి చేతా చేయించింది, నా చేత మరీను. నామీదే ఎందుకీ కక్ష అని ఒళ్ళు మండింది.

వెళ్తూ కొత్త ఆంబూ బ్యాగు కానుకగా ఇచ్చి, ఎక్కడ పెడతారని అడిగింది. "చాలా భద్రంగా పెడతామండీ" అన్నారు హెడ్ నర్సు గారు. అన్నట్టే తన గదిలో అద్దాల బీరువాలో, షీల్డుల పక్కన పెట్టి తాళం వేశారు. కాన్పుల గదిలో ఉన్న పాతది చీలిపోయిందండీ అని నేనంటే, "ఇదీ పాడైతే వాళ్ళొచ్చినప్పుడు ఏం చూపిస్తామమ్మా?" అన్నారు.

ఒక ఆదివారం, కైకలూరు వైపు చేపల చెరువుల మీద పనిచేసే అతను భార్యని ఆటోలో తీసుకొచ్చాడు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. ఒళ్ళంతా నీలంగా ఉంది. హెడ్ నర్సు గారు తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళారు, తాళం చెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంది. బిడ్డని రుద్దుతూ ఉండమని ఆయాకి చెప్పి పక్కనే ఉన్న ఆవిడ గదిలోకి పరుగెత్తాను. స్టూలెత్తి అద్దం పగలగొట్టాను. బ్యాగు నొక్కుతుంటే నా చేతులకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఎట్టకేలకు బిడ్డ కేరుమంది. తల్లికన్నా ముందు నేనే ఏడ్చాను.

"ఫోన్ చేయొచ్చు కదమ్మా?" అన్నారు మర్నాడు హెడ్ నర్సు గారు, గాజు పెంకులు చూసి.

"చేస్తే తాళం చెవి వచ్చేదండీ. బిడ్డ దక్కేది కాదు."

మళ్ళీ చలికాలం వచ్చింది. బీరువాకి కొత్త అద్దం వేయించారు, బ్యాగు శుభ్రంగా కడిగి లోపల పెట్టించారు. అదే దొరసాని వచ్చింది. ఫొటో కోసం అందరూ బీరువా ముందు సర్దుకుని నిలబడ్డారు. ఆవిడ మెరిసిపోతున్న బ్యాగుని చూసింది, నవ్వలేదు. అనుమానంగా నా వైపు చూసింది. అచ్చం నా చూపే అది.

హెడ్ నర్సు గారి బల్ల మీదున్న తాళం చెవితో బీరువా తీసి, బ్యాగు పట్టుకుని కాన్పుల గదికి నడిచాను. మంచం పక్కన చెయ్యందే చోట మేకుకి తగిలించేదాకా ఆవిడ నా వెనకే ఉంది.

"ఏవండీ, ఫొటో తీసుకోలేదేంటండీ?" అని హెడ్ నర్సు గారు అక్కణ్ణుంచే పిలుస్తున్నారు.